కర్ర లేత్‌కు త్రీఫేజ్ మోటారు, వీఎఫ్‌డీ: వాడి చూసిన అనుభవం

నా కర్ర లేత్‌కు (చెక్కను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) ఉన్న పాత సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారును తీసివేసి, విజయవాడ ఆటోనగర్‌లోని ఒక దుకాణంలో 1 హెచ్‌పీ, నాలుగు పోళ్ల త్రీఫేజ్ ఇండక్షన్ మోటారును, దానిని నడిపే వీఎఫ్‌డీని (కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని తగ్గించే, పెంచే పరికరం) కొన్నాను. ఇంటికి వచ్చే 230 వోల్టుల సింగిల్ ఫేజ్ కరెంటునే ఈ వీఎఫ్‌డీ అదే వోల్టేజీలో త్రీఫేజ్‌గా మార్చి ఇస్తుంది కనుక కొత్త కనెక్షన్ అవసరం రాలేదు. అయితే 415 వోల్టులకు స్టార్‌లో కలిపి వచ్చిన మోటారును టెర్మినల్ పెట్టె విప్పి 230 వోల్టులకు సరిపోయే డెల్టాలోకి మార్చుకోవాలని (స్టార్, డెల్టా అనేవి మోటారు చుట్టలను కలిపే రెండు పద్ధతులు) దుకాణంలో చెప్పలేదు. మార్చేవరకు ఉలి కాస్త లోతుగా దిగితే చాలు, మోటారు ఆగిపోయేది. కొనేముందు నేమ్‌ప్లేట్ మీద 230 డెల్టా అని ఉందో లేదో తప్పక చూడండి.

దీనికి బదులు ట్రెడ్‌మిల్ డీసీ మోటారు పెట్టుకోవడం చవకే గాని, దాని బ్రష్‌లు అరుగుతాయి, చెక్కపొడి లోపలికి చేరుతుంది.

50 హెర్ట్జ్ వద్ద నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరిగే ఈ మోటారు 25 హెర్ట్జ్ వద్ద టార్క్ (తిప్పే బలం) నిలుపుకున్నా సగం శక్తినే ఇస్తుంది; వెనుక ఫ్యాన్ కూడా నెమ్మదించడంతో వేడెక్కుతుంది. అందువల్ల పెద్ద చెక్క గిన్నెను తరిమెన పట్టేటప్పుడు (లేత్ మీద చెక్కేటప్పుడు) ఇప్పటికీ బెల్టును తక్కువ వేగపు పుల్లీకి మార్చుకుంటున్నాను. వంకర దుంగ అదరకుండా వేగాన్ని మెల్లగా పెంచుకోగలగడం మాత్రం ఎంతో తృప్తినిచ్చింది.