జంపఖానాల సైటు, నాలుగు ఏపీఐలు: మూడేళ్ల వాడకం

మా బావకు వరంగల్ కొత్తవాడలో జంపఖానాల దుకాణం. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చిన వరంగల్ దరీలే సరుకు. సైటు కట్టింది నేను. పేమెంట్, ఓటీపీ, కొరియర్ చార్జీ, ఇన్వాయిస్ నాలుగూ బయటి కంపెనీల సర్వీసులే; మా సైటు వాటిని ఏపీఐల ద్వారా, అంటే ప్రోగ్రామ్ నుంచి ప్రోగ్రామ్‌కు పిలిచి, వాడుకుంటుంది. పేర్లు రాయను, వాడకం మాత్రం చెప్తాను.

ధర చూసి, అప్‌టైమ్ (సర్వీసు ఆగకుండా నడిచే సమయం) అంకె చూసి తీసుకున్నాను. నాలుగింటికీ 99.5 శాతమే రాసి ఉంది. విడిగా చూస్తే ఒక్కోటి నెలకు 3.6 గంటలు ఆగుతుంది, పర్వాలేదు అనిపిస్తుంది. కానీ ఆర్డర్ పూర్తి కావాలంటే నాలుగూ ఒకదాని వెనక ఒకటి పలకాలి. గుణిస్తే 98 శాతం. అంటే నెలకు 14 గంటలు షట్టర్ దించినట్టే. ఈ లెక్క మొదటి దసరా సీజన్ పాడయ్యాక గానీ వేయలేదు.

అన్నిట్లోకీ విసిగించింది కొరియర్ చార్జీ సర్వీసు. సగటున ఒక సెకనులో జవాబు అన్నారు. సగటు నిజమే. అయిదు నిమిషాలకోసారి పిలిచి టైమ్ రాసుకునే చిన్న స్క్రిప్ట్ పెడితే అసలు సంగతి తెలిసింది: సాయంత్రం 7 నుంచి 9 దాకా, ఇరవైలో ఒక పిలుపుకు 9 సెకన్లు పట్టేది. మాకు గిరాకీ ఉండేదే ఆ టైమ్‌లో. సగటు చూడకండి, ఆ ఇరవయ్యోదాన్ని చూడండి. చివరికి దాన్ని ఆర్డర్ దారిలోంచే తీసేశాను. చార్జీల పట్టిక రాత్రి 2 గంటలకు తెచ్చి మా డేటాబేస్‌లో పెట్టుకుంటున్నాం. ఇన్వాయిస్ కూడా ఆర్డర్ అయ్యాక నిదానంగా వస్తుంది. దారిలో రెండే మిగిలాయి.

ఓటీపీకి రెండో సర్వీసు జత చేశాను. కాగితం మీద రెండూ ఒకేసారి ఆగేది నెలకు నిమిషం. ఒకరోజు రెండూ కలిసే ఆగాయి! తప్పు నాదే. మెసేజ్‌లో ఒక మాట చేర్చాను, డీఎల్‌టీలో (కంపెనీలు పంపే ఎస్ఎంఎస్‌ల నమూనాలు ముందే రాయించుకోవాల్సిన టెలికాం రిజిస్టర్) నమోదైన టెంప్లేట్‌తో కలవలేదు. ఏ దారిన పంపినా టెలికాం ఆపరేటర్ దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు రెండో దారి ఈమెయిల్.

పేమెంట్‌కు జత పెట్టే ధైర్యం చేయలేదు. ఒకసారి కన్ఫర్మేషన్ ఆలస్యంగా వచ్చింది, మా పేజీ మాత్రం ‘ఫెయిల్’ అని చూపించింది. కరీంనగర్ నుంచి ఫోన్: “అన్నా, 1,850 రెండుసార్లు కట్ అయినయ్, ఆర్డర్ ఒక్కటే ఉంది.” ఆ పూట బావ నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ‘పెండింగ్’ అని చూపించి, అదే ఆర్డర్ నంబర్‌తో స్టేటస్ అడిగి తెలుసుకున్నాకే మళ్లీ కట్టే బటన్ వస్తుంది.

తీరని గొడవ ఒకటుంది. ములుగు వైపు కొన్ని పల్లెలకు కొరియర్ సర్వీసు ‘డెలివరీ ఉంది’ అనే చెప్తుంది, పార్సిల్ మాత్రం తిరిగొస్తుంది. ఆ పిన్‌కోడ్‌లు నోట్‌బుక్‌లో రాసిపెట్టాం. వాటికి స్పీడ్ పోస్టే. బావ స్కూటీ మీద పోస్టాఫీసుకు పోయి వేసొస్తాడు.