ఆరు వారాలు, మూడు నవలలు, మంచం మీద మా అమ్మ

అమ్మ తుంటి ఎముక విరిగి ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. సీరియల్స్ చూసి చూసి తనకి విసుగు, తనని చూసి నాకు టెన్షన్. సరే, రాత్రి అన్నాలయ్యాక ఏదైనా నవల చదివి వినిపిద్దామనుకున్నాను. కథలకైతే కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) పెట్టిన కథల లైబ్రరీ 'కథానిలయం' మన శ్రీకాకుళంలోనే ఉంది, కొత్త నవల కావాలంటే మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే.  

మొదట సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) బహుమతి వచ్చిన నవల. సినిమా చూసేశాం కదా అని వదిలేయకండి. ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చేసిన రవి, కరువులో నీళ్ళూ మేతా లేక నాన్నతో కలిసి గొర్రెలు తోలుకుని నల్లమల ఎక్కుతాడు. అంతే కథ. కానీ అడవిలో ఆ నాన్న కొడుక్కి నీతులు చెప్పడు, పని చూపిస్తాడు. ఆ పిరికి కుర్రాడు ఎక్కడ మారాడో వేలు పెట్టి చూపించలేం, ఒక రాత్రి కాపలాకీ ఇంకో రాత్రి కాపలాకీ మధ్య ఎక్కడో మారిపోతాడు. నాకు బాగా నచ్చింది అదే. కడప యాస మొదటి రెండు రోజులు మా నాలుకకి తిరగలేదు, అమ్మ "ఏటే ఆ మాటలు" అని నవ్వేది. మా తాతకి పొందూరు దగ్గర పల్లెలో మేకలుండేవి. అందుకే కాబోలు, పెద్దపులి ఎదురుపడే చోట నేను గొంతు తగ్గించి భయంభయంగా చదువుతుంటే అమ్మ మధ్యలో ఆపి, "పులి గొడవ తరవాత సెప్పు గానీ, గొర్రెలు లెక్క సరిపోనాయా నేదా?" అంది. మూడింట్లో ఒకటే కొనగలరంటే ఇదే కొనండి.

రెండోది పెరుమాళ్ మురుగన్ తమిళంలో రాసిన 'పూనాచ్చి'. ఇంగ్లీషులో చదువుకుంటూ తెలుగులో చెప్పాను. ఒక ముసలి దంపతుల చేతికి ఎవరో దారినపోయేవాడు పిడికెడంత నల్ల మేకపిల్లని ఇచ్చి పోతాడు. తమకే గంజి లేనిచోట ఆ ముసలమ్మ దాన్ని బతికించుకునే పేజీలు చదువుతుంటే మధ్యలో ఆపాలనిపించదు. చిన్న పుస్తకం, నాలుగు రాత్రుల్లో అయిపోయింది. ముగింపు మాత్రం గుండె పిండేస్తుంది. అమ్మకి నేను ఆ ముగింపు చెప్పలేదు, "తరవాత సుఖంగా ఉన్నారు" అనేశాను. నమ్మిందో లేదో.

మూడోది అబ్రహాం వర్గీస్ ఇంగ్లీషు నవల 'ది కవనెంట్ ఆఫ్ వాటర్', 2023లో వచ్చింది. ఏడు వందల పేజీలు దాటిన లావు పుస్తకం, పడుకుని చదివితే చేతులు లాగేస్తాయి. 1900లో ట్రావెన్‌కోర్‌లో (ఇప్పటి కేరళలో) పన్నెండేళ్ళ పిల్లని నలభై ఏళ్ళ విధురుడికి కట్టబెడతారు. ఆ ఇంట్లో తరానికొకరు నీళ్ళలో మునిగి చనిపోతుంటారు. పెళ్ళి సంగతి వినగానే అమ్మ తిట్లు అందుకుంది. కానీ ఆయన ఆ పిల్లని పిల్లలాగే చూసుకుంటూ ఏళ్ళ తరబడి ఆగడం చూసి కాస్త మెత్తబడింది. రచయిత డాక్టరు కావడంతో ఆపరేషన్ల వర్ణన మరీ ఎక్కువ, స్కాట్లాండ్ డాక్టరు కథ మొదలయ్యేసరికి నాకే కళ్ళు మూతలు పడ్డాయి, కొన్ని పేజీలు దాటేశాను కూడా. చావులు కూడా చాలా ఉన్నాయి, ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయుంటే ఇప్పుడే మొదలుపెట్టకండి.

అమ్మ ఇప్పుడు వాకర్‌తో వీధి గుమ్మం దాకా నడుస్తోంది. ఆ లావు పుస్తకం మాత్రం ఇంకా సగం కూడా కాలేదు. అందులో దామోదరన్ అని ఒక ఏనుగుంది. సాయంత్రమయ్యేసరికి అమ్మ, "ఏటే, ఈయేల ఆ ఏనుగొస్తాదా?" అని అడుగుతోంది.