తల పుట్టుకను చదవడానికి ఏ జంతువు మేలు?

సకశేరుక పిండంలో తలను, మెదడును ఏ జన్యువులు తీర్చిదిద్దుతాయో తెలియాలంటే ముందు ఒక జంతువును ఎంచుకోవాలి. ఎలుకే అన్నింటికీ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నాకు ఆ మాట రుచించదు.

జన్యువును తీసేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఎలుక తిరుగులేనిదే. 1995లో లిమ్1 జన్యువు తొలగించిన పిండాలలో చెవుల ముందున్న తల భాగమే ఏర్పడలేదు, మొండెం మాత్రం ఏర్పడింది. ఓటీఎక్స్2 అనే మరో జన్యువు లేనివాటికి ముందు మెదడు, మధ్య మెదడు రాలేదు. అయితే పిండం గర్భంలో దాగి ఉంటుంది. తల ఏర్పాటు మొదలయ్యే వేళకు చూడాలంటే తల్లిని చంపక తప్పదు.

మరి లిమ్1 మీద మొదట కన్ను పడింది ఎక్కడ? జెనోపస్ కప్పలో. 1924లో జర్మన్ శాస్త్రవేత్తలు స్పీమాన్, హిల్డే మాంగోల్డ్ న్యూట్ (తోక ఉన్న ఒక ఉభయచరం) పిండంలోని ఒక చిన్న ముక్కను మరో పిండంలో అతికిస్తే అక్కడ రెండో శరీరం మొలకెత్తింది. ఆ ముక్కలో పనిచేసే అణువులు (లిమ్1 వాటిలో ఒకటి) ఏవన్న వేట చాలావరకు కప్ప పిండాల్లోనే సాగింది. కప్ప గుడ్డు మిల్లీమీటరుకు కాస్త పెద్దది, నీటిలో బయటే పెరుగుతుంది, సూదితో ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు పంపే సందేశం) ఎక్కించడం తేలిక. 1998లో డిక్‌కాఫ్-1 అనే ప్రొటీన్ కథ తేలింది ఇలాగే. వింట్, బీఎంపీ అనేవి కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలు. వింట్‌ను ఆపే డిక్‌కాఫ్-1ను, బీఎంపీని ఆపే మరోదానితో కలిపి ఎక్కిస్తే అదనపు తల వచ్చింది. అంటే తల రావాలంటే ఆ రెండింటి నోరూ మూయించాలి. 2001లో ఎలుక దీన్నే ఖాయం చేసింది: డిక్‌కాఫ్-1 లేనివాటికి తల ముందు భాగం లేదు.

జీబ్రా చేప బలం వేరు. పిండం గాజులా పారదర్శకం. ఏ జన్యువో ముందుగా తెలియకపోయినా ఉత్పరివర్తనాలు కలిగించి, తేడాగా పుట్టినవాటిని ఏరుకోవచ్చు. కానీ జీబ్రా చేప చేరిన టెలియోస్ట్ అనే చేపల గుంపు పూర్వీకులలో జన్యురాశి ఒకసారి రెట్టింపైంది. అందుకే కొన్ని జన్యువుల్లో ఒక ప్రతి పోయినా దాని జంట పని నెట్టుకొస్తుంది, లోపం బయటపడదు.

కోడిలో జన్యువులను తొలగించడం కష్టం. కణాలు ఎటు వెళ్తాయో చూడటంలో మాత్రం దానికి సాటి లేదు. 1969లో నికోల్ లె దువారెన్ కంజు కణాలను కోడి పిండంలో నాటే పద్ధతి తెచ్చారు. ముఖం ఎముకలు నాడీ శిఖర కణాల (మెదడు, వెన్నుపాముగా మారే భాగం అంచున పుట్టి వలస వెళ్ళే కణాలు) నుంచి వస్తాయని అలా రూఢి అయింది.

ఒక్కదాన్నే ఎంచుకోమంటే కప్పనే అంటాను, అయితే జెనోపస్‌లో లేవిస్ జాతిని కాదు. దానిలో క్రోమోజోములు నాలుగేసి ప్రతులుగా ఉండి, తొలగింపు ప్రయోగాలకు అడ్డుపడతాయి. రెండేసిగా ఉండే ట్రాపికాలిస్ జాతిలో క్రిస్పర్‌తో (డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే పద్ధతి) జన్యువును తొలగించనూవచ్చు, ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కించనూవచ్చు. పిండానికి వెలుపల ఉండే పొరల నుంచి వచ్చే తల సంకేతాల మీద ఆసక్తి ఉన్నవారు మాత్రం ఎలుకనే పట్టుకోవాలి.