పలకరించే అన్న, పని తెలిసిన సారు

పేరున్న మనిషికి ఓటెయ్యడం తిరుపతికి కొత్త కాదు. 1983లో ఎన్టీ రామారావు, 2009లో చిరంజీవి ఇక్కడ గెలిచారు. అయితే అదే 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడిపోయారు. కాబట్టి జనం మొహం చూసి గుద్దేస్తారనే మాట సగమే నిజం.

వార్డు ఎన్నికల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. మా వీధిలో ఒకవైపు అన్న. పెళ్లయితే ముందు వరసలో, చావైతే పాడె పక్కన ఉంటాడు. రాత్రి పన్నెండుకు ఫోన్ చేసినా ఎత్తుతాడు. కాలువ ఎందుకు పొంగుతుందో మాత్రం ఆయనకు తెలియదు. ఇంకోవైపు సారు, రిటైరైన ఇంజనీరు. ఏ పైపు ఎంత వాలులో వెయ్యాలో నోటి లెక్కతో చెప్పగలడు. ప్రచారానికి వచ్చి మా అమ్మకు అంచనాల కాగితం చూపించాడు. ఆమె మంచినీళ్లిచ్చి పంపి, తర్వాత నాతో అంది: “బాగా చదువుకున్నోడే నాయనా. రేపు రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఈయన గేటు తీస్తాడా?”

ఆమెది తెలివితక్కువతనం అనుకోను. అభ్యర్థి అఫిడవిట్‌లో చదువు, ఆస్తులు, కేసులు ఉంటాయి. పని చేయగలడా అనే గడి ఉండదు. పలకరింపు మాత్రం రోజూ కళ్లముందే కనబడుతుంది. పైగా సరిగ్గా వేసిన కాలువను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

నేను సారుకే వేశాను, అమ్మ అన్నకు. గెలిచింది అన్నే. మొన్నటి వానకు నీళ్లు మా గడప దాటాయి. చీపురు పట్టుకుని ముందుగా వచ్చిందీ అన్నే.