చీలమండలో ఆస్టియాయిడ్ ఆస్టియోమా: మాత్రలా, వేడి చికిత్సా?

చీలమండలోని టాలస్ ఎముకలో వచ్చే ఆస్టియాయిడ్ ఆస్టియోమా క్యాన్సర్ కాదు. సాధారణంగా 1.5 సెంటీమీటర్ల లోపే ఉండే ఈ గడ్డ నడిరాత్రి నిద్రలేపేంత నొప్పి పెట్టి, చాలామందిలో ఒక్క ఐబుప్రొఫెన్ నొప్పి మాత్రతో నెమ్మదిస్తుంది. ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు గనుక, బెణుకేనని నెలల తరబడి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని తిరిగేవారిని చూస్తే బాధ కలుగుతుంది. అలాంటప్పుడు సీటీ స్కాన్ తీయించాలి.

ఖర్చు చూస్తే, మాత్రలకు రోజుకు కొద్ది రూపాయలే గాని ఏళ్లపాటు వాడాల్సి రావచ్చు; సూది ద్వారా వేడితో గడ్డను కాల్చే రేడియోఫ్రీక్వెన్సీ చికిత్సకు ఒకేసారి పెద్ద మొత్తం కావాలి.

మాత్రలకు ఓపిక చాలు. రెండోదానిలో మత్తు ఇచ్చి, సీటీలో చూస్తూ సూదిని గడ్డ నడిమికి దించి, సుమారు 90 డిగ్రీల వేడిని కొన్ని నిమిషాలు పట్టి ఉంచుతారు. చాలామంది ఆ రోజో మర్నాడో ఇంటికి వెళ్తారు.

దీర్ఘకాలం వాడితే మాత్రలు కడుపులో పుండ్లు చేయవచ్చు, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. వేడి వల్ల చర్మం, నరం, కీలులోని మృదులాస్థి కాలే ముప్పుంది; పాదంలో ఎముకపై కండ పలుచన కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. కొందరిలో గడ్డ తిరగబెడుతుంది కూడా.

నొప్పి అదుపులో ఉండి, గడ్డ నరానికి ఆనుకుని ఉన్నవారికి, అది కొన్నేళ్లలో దానంతటదే తగ్గే అవకాశం ఉంది కాబట్టి, డాక్టరు పర్యవేక్షణలో మాత్రలే మేలు. నిద్ర కరవై కుంటుతున్నవారికి, అల్సరో కిడ్నీ జబ్బో ఉన్నవారికి వేడి చికిత్సే తగినది.