నాయనమ్మ సిక్కాలు: పన్నెండేళ్లు కడిగి చూశాక

నాయనమ్మ ట్రంకు పెట్టెలో దొరికిన 19 వెండి రూపాయలు 12 ఏళ్లుగా హనుమకొండలో మా ఇంట్లో ఉన్నాయి. చాలావరకు చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కాలు, అంటే నిజాం కాలపు హైదరాబాద్ రూపాయలు; మిగిలినవి ఇంగ్లీషు రూపాయలు. అన్నీ నల్లబడి ఉన్నాయి. ఆ నలుపు మురికి అనుకోవడమే నేను చేసిన మొదటి తప్పు. గాలిలోని గంధకంతో కలిసి వెండే అలా మారుతుంది. నలుపు వదిలించుకోవడమంటే ఎంతో కొంత నాణెం ఒంటిని ముట్టుకోవడమే.

మొదట టూత్‌పేస్టు. చార్మినార్ కమాను నడుమ ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉన్న ఏడవ నిజాం సిక్కాను బొటనవేలితో రెండు నిమిషాలు రుద్దాను. తళతళలాడింది. భూతద్దం పెట్టి చూస్తే మీనార్ల మీదుగా వెంట్రుకవాసి గీతలు, సున్నాలు చుట్టినట్టు. అవి ఇక పోవు. ఒక వర్తకుడు దాన్ని ఒక్కసారి తిప్పి చూసి, తూకం వెండి ధరే చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాత అల్యూమినియం రేకు, వంట సోడా, మరిగే నీళ్లు. గంధకం రేకుకు మారుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, వెండి మిగులుతుంది. పట్టీలకు, కుందులకు ఇప్పటికీ ఇదే వాడతాను. నాణేనికి మాత్రం వద్దు. అక్షరాల సందుల్లోని నలుపు కూడా పోయి, సిక్కా సున్నం వేసిన గోడలా వెలవెలబోయింది. బజారులో దొరికే ముంచే ద్రావకం మరీ అన్యాయం. నలుపుతో పాటు పైపొరనూ కరిగించి, ఒక ఇంగ్లీషు రూపాయి సహజమైన మెరుపును తినేసింది.

ఇప్పటికీ నేను నమ్మేది అసిటోన్ అనే ద్రావకం ఒక్కటే, అదీ కల్తీ లేనిది. గోళ్ల రంగు తుడిచే ద్రవం కాదు. లక్ష్మీపూజలో అంటిన నూనె జిడ్డు, టేపు జిగురు వదులుతాయి, నలుపు జోలికి పోదు. గాజు గిన్నెలో, కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా వాడాలి. తరువాత డిస్టిల్డ్ నీళ్లలో ముంచి, నూలు గుడ్డపై అద్దాలి. రుద్దకూడదు.

మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన రెండు సిక్కాలకు పచ్చటి జిగట పట్టింది. ఆ కవర్లు తీసేశాను. రబ్బరు బ్యాండ్లు కూడా తీసేశాను, ఆ రబ్బరులో గంధకం ఉంటుంది.

నేను ముట్టుకోని సిక్కాలు మొత్తం ఏడు. పొద్దుటి వెలుగులో కాస్త వంచి పట్టుకుంటే అంచున ఊదా, నీలం కనిపిస్తాయి.