పోకనోస్‌లో 516 డాలర్లు పోశాం, వర్మాంట్‌లో మంచి మంచు చూశాం

జనవరి లాంగ్ వీకెండ్‌లో పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల్లో ఒక్క పూటకి 516 డాలర్లు పోశాం. ముగ్గురికి టికెట్లు తలా 109, అద్దె స్కీలు, బూట్లు, హెల్మెట్లు తలా 58, లాకరుకి 15. మేముండే న్యూజెర్సీ ఎడిసన్ నుంచి రెండు గంటల లోపు ప్రయాణమే కదా, తెనాలి నుంచి వచ్చిన మా నాన్నకి మంచు కొండ చూపించినట్టూ ఉంటుంది, పదకొండేళ్ల మా అమ్మాయి ఈ ఏడాది స్కీయింగ్ మొదలుపెట్టినట్టూ ఉంటుంది అనుకున్నాం. దారిలో ఇబ్బందేమీ లేదు, హోటల్ పర్వాలేదు.

శుక్రవారం రోజంతా వాన. రాత్రికి ఒక్కసారిగా మైనస్ 9 డిగ్రీలకి పడిపోయింది. పొద్దున్నే రిసార్టు యాప్ చూస్తే దాదాపు అన్ని స్లోపుల పక్కనా "గ్రూమ్ చేశాం" (అంటే యంత్రంతో దున్ని చదును చేశాం) అన్న గుర్తు ఉంది. ఆ గుర్తు నమ్మే టికెట్లు కొన్నాం.

పైకి వెళ్లాక తెలిసింది. అది మంచు కాదు, మంచు పెళ్లలు. నిమ్మకాయంతవి, కొబ్బరికాయంతవి, రాళ్లలా గట్టివి, స్లోపు పొడవునా. వాటి మధ్య అద్దంలా గడ్డకట్టిన నేల. స్కీ అంచు ఎంత నొక్కినా దిగదు. దానికి తోడు జనం దిగుతున్న స్లోపు మీదే నీళ్లు చిమ్మి మంచు చేసే స్నో గన్ ఆన్ చేసి ఉంచారు. దాని కిందుగా వెళ్లేసరికి కళ్లద్దాల మీద తడి మంచు పేరుకుపోయి ఏమీ కనపడలేదు. మా అమ్మాయి స్కీ ఒక పెళ్లకి తగిలి, పిల్ల బోర్లా పడింది. మణికట్టు వాచింది. విరగలేదు, కానీ ఆ గంటసేపు నా గుండె నా చేతుల్లో లేదు. మా ఆయన పిల్లని ఎత్తుకుని పక్కగా మెల్లగా దిగారు. మధ్యాహ్నం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు.

పదకొండింటికల్లా కౌంటరు దగ్గరికి వెళ్లి డబ్బు వెనక్కి ఇమ్మని అడిగాను. కుర్చీలో ఉన్నతను తల ఎత్తకుండానే, "మంచు ఎలా ఉంటుందో మా చేతిలో లేదు మేడమ్" అన్నాడు. ఇంకోసారి వస్తే 20 డాలర్లు తగ్గిస్తామని కూపను ఇచ్చాడు. తీసుకోలేదు. ఆ కొండ మీద ఆ రోజు ఉన్న మంచులో ఆకాశం నుంచి పడింది ఎంత? దాదాపు అంతా వాళ్ల యంత్రాలు చేసిందే, వాళ్ల యంత్రాలు దున్నిందే. మరి ఎవరి చేతిలో ఉన్నట్టు?

ఇదంతా కింద బల్ల మీద కూర్చుని చూసిన నాన్న, కారెక్కాక ఒకటే మాట అన్నారు. "పదును చూడకుండా దున్నారమ్మా. పెళ్లలు లేవక ఏం చేస్తాయి?"

నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. పదునంటే ఆయన లెక్కలో దున్నడానికి సరిగ్గా సరిపోయే తడి. గ్రూమింగ్ మెషిన్ వెనకాల తిరిగే పళ్ల ఇరుసు చూసి "ఇది మన రోటవేటరే" అని అప్పటికే గుర్తుపట్టారు. తడిసిన మంచు రాత్రంతా బిగుసుకుపోయాక దాని మీద ఆ పళ్లు తిప్పితే పొడి కాదు, పెళ్లలే లేస్తాయి. మరీ తడిగా ఉన్నప్పుడు తిప్పితే తెల్లారేసరికి కాంక్రీటు అవుతుంది. రెంటికీ మధ్య ఒక పదును ఉంటుంది.

మూడు వారాల తర్వాత వర్మాంట్ వెళ్లాం. అమ్మాయి భయం పోకముందే మళ్లీ మంచు మీద నిలబెట్టాలని పట్టుబట్టింది నేనే. మా ఆయనకి ఇష్టం లేదు. ఎడిసన్ నుంచి లడ్లో ఊరికి దాదాపు ఐదు గంటలు. అక్కడి ఒకెమో కొండ ఎత్తు సముద్రమట్టం నుంచి 3,344 అడుగులు, అందులో స్కీ చేసే భాగం కింది నుంచి పైకి 2,200 అడుగుల ఎత్తు. ఊళ్లో చిన్న లాడ్జి, రాత్రికి 189, టిఫిన్‌తో కలిపి. అద్దె సామాను కొండ మీద కాకుండా ఊళ్లోని కొట్లో తీసుకుంటే తలా 42 అయింది. లైనూ లేదు. ఎక్కడికి వెళ్లినా ఇలాగే చేయండి.

అక్కడా మేం వెళ్లడానికి మూడు రోజుల ముందు వాన పడింది. అందుకే చెబుతున్నాను, వాతావరణం మీద నెట్టేస్తే కుదరదని.

రాత్రి పదింటికి లాడ్జి కిటికీలోంచి చూస్తే కొండ మీద గ్రూమింగ్ మెషిన్ల దీపాలు మెల్లగా పైకీ కిందకీ తిరుగుతున్నాయి. నాన్న కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. తెచ్చుకున్న పులిహోర కూడా అక్కడే తిన్నారు. పొద్దున కాఫీ కొట్లో ఆ యంత్రం నడిపే మనిషే, రాత్రి డ్యూటీ దిగి, పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. నాన్న మా అమ్మాయిని మధ్యవర్తిగా పెట్టుకుని "పదును ఎలా చూస్తారు?" అని అడిగించారు. పదును అన్న మాటకి పిల్లకి ఇంగ్లిషు దొరక్క చేత్తో నేల నలిపినట్టు చూపించింది. అతను నవ్వి, గుప్పిట బిగించి తెరిచి చూపించాడు. ఉండ కట్టి, తడితే విడిపోవాలట. మన పొలంలో మట్టి చూసేదీ అచ్చం అలాగే.

ఆ మెషిన్ నడిపే మనిషి చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. వాన నీరు కిందికి దిగేదాకా మెషిన్ ఎక్కించరు. చలి తిరగగానే గన్స్ ఆన్ చేస్తారు. దానికి మామూలు థర్మామీటరు చాలదు, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే వేడి మైనస్ 2కి దిగాలి. గాలి పొడిగా ఉంటే మామూలు లెక్కలో సున్నా దగ్గర కూడా మంచు చేయొచ్చు. "మట్టి కుండలో నీళ్లు చల్లబడ్డట్టా?" అన్నారు నాన్న. అంతే. గన్ నుంచి వచ్చిన మంచుని వెంటనే పరవకుండా గుట్టలుగా వదిలి, నీరు కారనిచ్చి, అప్పుడు పరుస్తారు. దున్నాక కనీసం రెండు గంటలు కదపకుండా వదిలితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. యంత్రం మంచు రేణువులు గుండ్రటి చిన్న గింజలు. ఆకాశం మంచులా ఆరు కొమ్ముల పువ్వులు కావు. అందుకే బాగా బరువు, అందుకే నెమ్మదిగా కరుగుతుంది. తొందరపడి పరిస్తే రాయి అయ్యేదీ అందుకే.

ఈ గన్ పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలే, కనెక్టికట్‌లో. 1950 మార్చిలో వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ అనే ముగ్గురు రంగు కొట్టే కంప్రెసరుకి తోట పైపు తగిలించి మంచు చేశారు. నాన్న గన్‌ని చూడగానే పురుగుమందు స్ప్రేయర్ అన్నారు, పెద్ద తేడా లేదు.

ఇక ఆ ఉదయం సంగతి. లిఫ్టు తెరిచిన మొదటి పది నిమిషాల్లోనే పైకి వెళ్లాం. స్లోపంతా కొత్త దుక్కిలా సన్నని గీతలు, కార్డురాయ్ గుడ్డ పరిచినట్టు. స్కీ వంచగానే అంచు దిగుతోంది, ఆగమంటే ఆగుతోంది. రెండు మలుపులు భయంగా తిరిగిన మా అమ్మాయి మూడో మలుపులో కేక వేసింది, సంతోషంతో. మా ఆయన ముఖం కూడా అప్పుడే విప్పారింది. ముందే కొనుక్కున్న డే పాస్ తలా 87. ఆ మొదటి గంటకే చెల్లిపోయింది.

పన్నెండు దాటాక అక్కడా గీతలు చెరిగిపోయి, వదులు మంచు అంచులకి చేరి, నడుమ గట్టి నేల బయటపడింది. జనం దిగిన కొద్దీ ఎక్కడైనా అంతే. అప్పుడు స్లోపు అంచుల వెంట దిగాలి, లేదా ఇంటికి వెళ్లాలి. మేం ఒంటిగంటకి దిగేశాం.

టికెట్టు కొనేముందు రిసార్టుకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: చివరి వాన ఎప్పుడు పడింది, ఆ తర్వాత ఎన్ని రాత్రులు గన్స్ నడిచాయి, ఏ స్లోపుని ఎన్ని గంటలకి దున్నారు. జవాబు సరిగ్గా చెప్పకపోతే వెళ్లకండి. "గ్రూమ్ చేశాం" అన్న గుర్తొక్కటే చూసి వెళ్లకండి.

తిరుగు ప్రయాణం ముందు నాన్న కొండ కిందికి నడిచి వెళ్లి, ఇంకా ఎవరూ తొక్కని ఒక అంచు దగ్గర వంగి గుప్పెడు మంచు తీసుకున్నారు. ఉండ చేసి, తట్టి, విడిపోయాక మనవరాలి చేతిలో పోశారు.